అమ్మానాన్నలు మద్రాసు వస్తే ఒక్కరోజు ఇలా తిప్పండి

మేం పెరంబూరు వచ్చి పదకొండేళ్లయింది. మా అమ్మానాన్నలు పిడుగురాళ్లలో ఉంటారు. ఏడాదికోసారి రాత్రి రైలెక్కి, తెల్లారేసరికి ఇక్కడ దిగుతారు. నాన్నకి ఈ ఊరు ఇప్పటికీ చెన్నై కాదు, మద్రాసే.

మొదటిసారి వచ్చినప్పుడు జరిగింది ముందు చెప్తాను. కపాలీశ్వరుడి గుడి, శాంథోమ్ చర్చి, గిండీ పార్కు, టీ నగర్, మెరీనా అన్నీ ఒకే ఆదివారం చూపించాలని కాగితం మీద రాసుకున్నాను. రంగనాథన్ వీధి జనంలో అమ్మకి కళ్లు తిరిగాయి. ఒక బట్టల షాపు మెట్ల మీద కూర్చోబెట్టి సోడా తాగించాను. ఇంటికొచ్చాక చూస్తే నాన్న పాదాలు వాచిపోయి, చెప్పుల పట్టీల అచ్చులు లోతుగా పడున్నాయి. "అన్నీ చూశాంలేమ్మా, బాగుంది" అన్నారు. మర్నాడు మా పాప "తాతయ్యా, ఏం చూశావ్?" అంటే ఒక్కటీ చెప్పలేకపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి పొద్దున ఒక చోటు, సాయంత్రం ఒక చోటు. మధ్యలో ఇంట్లో భోజనం, నిద్ర. అంతే.

ముందుగా ఏ రోజో ఎంచుకోవాలి. రైలు దిగిన రోజు ఎక్కడికీ తీసుకెళ్లకండి. శుక్రవారం వద్దు, ఎగ్మోర్ మ్యూజియానికి సెలవు. సంక్రాంతికి వస్తే, కనుమ దాటాక వచ్చే కాణుం పొంగల్ నాడు మెరీనా వైపే పోవద్దు. ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది, పెద్దవాళ్లకి నిలబడే చోటు కూడా దొరకదు. నేనైతే మాఘ పౌర్ణమి చూసి పిలుస్తాను. అప్పటికి వానలు పోయి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. పౌర్ణమే ఎందుకో తర్వాత చెప్తాను.

ఎక్కడికెళ్దాం అని వాళ్లని అడిగితే "నీ ఇష్టమమ్మా" అంటారు. అలా అడక్కండి. వాళ్లు బతుకంతా ఏ పని చేశారో, ఏ వస్తువుతో మెలిగారో ఆలోచించండి. నాన్న ముప్పై ఏళ్లకు పైగా సున్నపు బట్టీలో గుమాస్తాగా చేశారు. రాయి చూస్తే చాలు, ఎంత సున్నం దిగుతుందో చెప్పేవారు. మ్యూజియంలో అమరావతి బౌద్ధ స్తూపం రాళ్లున్నాయని తెలిశాక ఇంక వేరే ఆలోచన లేదు.

ఎగ్మోర్ మ్యూజియం 1851లో పెట్టింది. ఆవరణ చాలా పెద్దది, నాలుగైదు భవనాలు. కంచు విగ్రహాలకి వేరే భవనం ఉంది. అన్నీ తిరగాలనుకోకండి, అమరావతి శిల్పాల దగ్గరికే నేరుగా వెళ్లండి. ఒక్కోసారి మరమ్మతులకని కొన్ని గదులు మూస్తారు. ఆ గది తెరిచి ఉందా అని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. మడత స్టూలు ఒకటి వెంట ఉంటే మంచిది. లోపలికి రానిస్తారో లేదో గేటు దగ్గరే కనుక్కోండి.

1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ దొర అమరావతి స్తూపం దిబ్బ తవ్వించి ఆ రాళ్లని మద్రాసుకి పంపించాడు. తర్వాత వాటిలో చాలా లండన్ వెళ్లిపోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇదంతా నేను ఆటోలోనే నాన్నకి చెప్పాను. చెప్పాల్సింది ముందే చెప్పేయండి. లోపలికి వెళ్లాక మాట్లాడొద్దు.

నాన్న బొమ్మల వైపు చూడలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒక ఫలకం పక్కకి వంగి, విరిగిన అంచు చూశారు. బొటనవేలి గోరు రాయికి తగలకుండా, బెత్తెడు ఎడంగా గాల్లోనే పొర వెంట నడిపారు. ఎండిన జొన్న పిండి రంగు, దాని మీద కొంచెం పచ్చటి ఛాయ. "ఇది మన పల్నాటి రాయేనమ్మా" అన్నారు. "బట్టీలో వేస్తే తెల్లగా, మల్లెపూవులా కాలుద్ది."

నిజమే. ఆ స్తూపం రాళ్లు పల్నాటి సున్నపురాళ్లే. దొరలు రాకముందూ వచ్చాకా కూడా అక్కడ ఎన్నో శిల్పాలని సున్నం కోసం కాల్చేశారు. ఆ మాట చెప్తే నాన్న చాలాసేపు అలాగే నిలబడ్డారు. చివరికి "బొమ్మున్న రాయి నా చేతికి ఎప్పుడూ రాలేదు" అన్నారు, నాకు సాక్ష్యం చెప్తున్నట్టు.

అమ్మ మాత్రం బుద్ధుడి కథలోని నలగిరి ఏనుగు చెక్కిన గుండ్రటి ఫలకం దగ్గర ఆగిపోయింది. మదమెక్కిన ఏనుగు వీధిలో మనిషిని తొండంతో పట్టుకుంటుంది. అదే ఏనుగు అదే రాతిలో ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. పైన కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. అమ్మ ఆ జనాన్నే చూసింది. "ఈ పిల్ల చూడు, భయపడి పక్కదాన్ని పట్టుకుంది. కాళ్లకి ఎన్ని కడియాలో!" ఒక్క ఫలకం దగ్గర పావుగంట. తొందరపెట్టకండి. ఫోటోలు కావాలంటే వెళ్లేముందు ఒకటి చాలు.

ఇంటికొచ్చాక పెరుగన్నం, ఊరి నుంచి వాళ్లు తెచ్చిన గోంగూర పచ్చడి. ఆ భోజనం దగ్గరే ఫోన్‌లో రికార్డర్ నొక్కి పళ్లెం పక్కన పెట్టండి, వాళ్లకి చెప్పే పెట్టండి. "మీ రోజుల్లో ఎలా ఉండేది" లాంటి ప్రశ్నకి జవాబు రాదు. "బట్టీలో మొదటి రోజు నీకేం పని చెప్పారు?" అని అడిగాను. నలభై నిమిషాలు చెప్పారు. రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస ఎలా పేర్చేవారో, బట్టీ ఆరిందని వాసన పట్టి ఎలా చెప్పేవారో. ముప్పై ఏళ్లు ఆయనతో కాపురం చేసిన అమ్మే "ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదే" అంది. ఆ ఫైలుకి తేదీ, పేరు పెట్టి, తమ్ముడికి కూడా పంపించి ఉంచాను. ఒక్క ఫోన్‌లోనే ఉంచుకోకండి.

సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరతాం. కాస్త చుట్టైనా రాయపేట హైరోడ్డు మీదుగా పోనిచ్చి, పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ముందు రెండు నిమిషాలు ఆటో ఆపిస్తాను. 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ఆయన ప్రాణం విడిచింది అక్కడే. నాన్న దిగకుండానే దండం పెట్టుకుంటారు.

మెరీనాలో ఇసుక చాలా వెడల్పు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నీళ్ల దాకా నడవలేరు. వివేకానంద ఇల్లంకి ఎదురుగా 2022లో చెక్కలతో దారి వేశారు, నడవలేనివాళ్ల కోసమే. చక్రాల కుర్చీ కూడా దాని మీద పోతుంది. అమ్మ ముందు రెండుసార్లు వచ్చినా అల దగ్గరగా చూసింది ఆ దారి మీద వెళ్లాకే. నీళ్లలోకి మాత్రం దింపకండి, ఇక్కడ అలలు లోపలికి లాగేస్తాయి.

ఇది తూర్పు తీరం. సూర్యుడు మన వెనక, ఊరి మీద అస్తమిస్తాడు. అందుకే సాయంత్రం వచ్చినవాళ్లకి చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది. పౌర్ణమి నాడైతే పొద్దు వాలే వేళకే చంద్రుడు సముద్రంలోంచి పైకొస్తాడు. మర్నాడైతే ముప్పావుగంట పైనే ఆలస్యం, చలిగాలిలో అంతసేపు పెద్దవాళ్లని కూర్చోబెట్టలేం. మొదట నీటి అంచున రాగిరంగు గీత. తర్వాత పళ్లెమంత. అమ్మ చేతిలో కాగితం పొట్లంలో బఠాణీ సుండల్, కొబ్బరి, మామిడికాయ ముక్కలు. ఆవిడ వాటిని గుగ్గిళ్లనే అంటుంది. నోట్లో వేసుకోవడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. నాన్న మా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని బట్టీ వెలుగు కూడా రాత్రిళ్లు ఇదే రంగులో ఉండేదని చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు ఆ పెద్ద రోడ్డు దాటించకండి. ఆటోని బీచ్ వైపు లోపలి రోడ్డుకే పిలవండి. ఇంటికి రాగానే గోరువెచ్చటి నీళ్లలో కల్లుప్పు వేసి పాదాలు పెట్టించండి. మర్నాడు ఏ ప్రోగ్రామూ వద్దు.

ఈ ఏడు అమ్మే ముందుగా ఫోన్ చేసింది. గోడ మీది క్యాలెండర్ చూసి పౌర్ణమి ఏ వారమో చెప్పింది. దానికి రెండు రోజుల ముందుకి టికెట్లు తీశాను, ఇద్దరికీ కింది బెర్తులే.