పాట కొనే ముందు, ఫోన్ మార్చే ముందు

కొత్త ఫోన్ కొన్నప్పుడో, మ్యూజిక్ యాప్‌కి డబ్బు కట్టడం మానేసినప్పుడో చాలామందికి ఒకటే టెన్షన్: "నా పాటలేవి?" అప్పటికి చేయగలిగేది పెద్దగా ఉండదు. చూసుకోవలసిందేదో డబ్బు కట్టే ముందే చూసుకోవాలి.

యాప్‌లో కనబడే 'డౌన్‌లోడ్' అన్న మాటను చూసి నిశ్చింతగా ఉండకండి. నెలవారీ ప్లాన్‌లో దించుకున్న పాట మీది కాదు, ప్లాన్ నడిచినన్నాళ్ళూ అద్దెకు తెచ్చుకున్నది. స్పాటిఫైలో దించుకున్నవి వింటూ ఉండాలంటే కనీసం 30 రోజులకోసారి నెట్‌కి కలపాలి. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసి కారులో పెడితే ప్లే అవ్వవు. రోజూ కొత్త పాటలు వెతుక్కునేవాళ్ళకు అద్దె లాభమే. కానీ నాన్నగారు ఏళ్ళ తరబడి వినే ఆ నలభై పాటల కోసం నెలనెలా కట్టడం నాకు సబబుగా తోచదు. అవి కొనిపెట్టడమే మేలు.

కొనేటప్పుడు ధరతో పాటు ఇంకొకటి అడగండి: ఈ ఫైల్‌కి తాళం ఉందా? డీఆర్‌ఎం అంటారే, అదే ఆ తాళం: అనుమతి ఉన్న ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తప్ప పాట ప్లే కాకుండా ఆపుతుంది. యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ 2003లో పాటను 99 సెంట్లకు అమ్మింది, తాళం వేసి. 2007లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ పాటలను తాళం లేకుండా, ఇంకాస్త మంచి నాణ్యతతో 1.29 డాలర్లకు పెట్టింది. 2009లో అక్కడి పాటలన్నిటికీ తాళం తీసే పని మొదలైంది. ఆ రోజుల్లో అమెరికాలో పాటలు కొన్న మనవాళ్ళు పాత హార్డ్‌డిస్క్ ఒకసారి తీసి చూడండి. ఫైల్ పేరు చివర ఎం4పీ అని ఉంటే అది తాళం వేసినదే.

తాళం సంగతి దుకాణం మూతపడ్డాక బయటపడుతుంది. తన పాటల దుకాణం ఎంఎస్ఎన్ మ్యూజిక్‌లో కొన్న పాటలకు ఆగస్టు తర్వాత కొత్త కంప్యూటర్లలో అనుమతి ఇవ్వబోమని 2008లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. కొన్నవాళ్ళు గట్టిగా అడిగితే గడువు 2011 చివరిదాకా పెంచింది. మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అనే దుకాణం తెరిచి, పాట 6 రూపాయల నుంచి అమ్మి, 2013లో మూసేసింది. కానీ అక్కడ ఇచ్చినవి తాళం లేని ఎంపీ3లు. గడువులోగా దించి దాచుకున్నవాళ్ళు వాటిని ఇవాళ కూడా ఏ ఫోన్‌లోనైనా వినవచ్చు.

తాళం లేనిదే అయినా ఖాతాలో వదిలేయకండి. కొన్న రోజే దించి, కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్‌డిస్క్‌లో ఒకటి ఉంచండి. విదేశం నుంచి తిరిగొచ్చేస్తున్నవాళ్ళు యాపిల్ ఖాతాలో దేశం మార్చే ముందే ఈ పని తప్పకుండా చేయండి. ఇక్కడి స్టోర్‌లో లేని పాటను మళ్ళీ దించుకోవడం కుదరకపోవచ్చు.

తాళం తీస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళాన్ని తప్పిస్తే రెండేళ్ళదాకా జైలు పడవచ్చు.

కొత్త దుకాణంలో ఒకేసారి వందల రూపాయలు పెట్టేయకండి. ముందు ఒక్క పాట కొనండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, మీ ఖాతా లేని వేరే కంప్యూటర్‌లో, నెట్ ఆపేసి పెట్టి చూడండి. ప్లే అయితే మిగతావి కొనుక్కోండి.