చిన్న కాలేజీలో ఇమడగలమా? ముందే చూసుకోండి

అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల (రకరకాల సబ్జెక్టులు కలిపి డిగ్రీ చెప్పే చిన్న కాలేజీలు) బ్రోషర్లన్నీ ఒకేలా ఉంటాయి. అక్కడ స్నేహితులు దొరుకుతారా అన్న టెన్షన్ మాత్రం తీరదు. మా అమ్మాయి అప్లై చేసేటప్పుడు ఇలా చూశాం, ఒక్కో కాలేజీకి అరగంట పట్టింది.

కాలేజీ పేరుతో పాటు ‘కామన్ డేటా సెట్’ అని నెట్‌లో వెతకండి. అది కాలేజీ తన వివరాలను అంకెల్లో ఇచ్చే పత్రం. అందులో బి భాగంలో విదేశీ విద్యార్థులు ఎంతమందో ఉంటుంది. ఎఫ్ భాగం ఇంకా ముఖ్యం: క్యాంపస్ హాస్టళ్లలో ఎంత శాతం ఉంటున్నారు, ఫ్రటర్నిటీల్లో, సొరోరిటీల్లో (సభ్యులకే పరిమితమైన అబ్బాయిల, అమ్మాయిల క్లబ్బులు) ఎంత శాతం చేరారు. ఈ రెండో అంకె సగానికి దగ్గరగా ఉంటే, వాటిలో చేరనివాళ్లు శనివారం రాత్రి ఏం చేస్తారో తప్పకుండా అడగండి. తర్వాత విద్యార్థులు నడిపే పత్రిక నాలుగు సంచికలు, ముఖ్యంగా ఫిర్యాదులు, చదవండి.

కొన్ని కాలేజీలు ఈ పత్రం బయటపెట్టవు. అలాంటప్పుడు, అక్కడ ప్రస్తుతం చదువుతున్న ఇద్దరితోనైనా మాట్లాడాల్సిందే.