సొంత సబ్‌మెరైన్: నీటిపై నిలకడ లెక్క

గుండ్రటి గొట్టం నీళ్ళలో దుంగలా దొర్లుతుంది. అది ఎంత లోతుకు మునిగినా దాని మెటాసెంటర్ (పడవ ఒరిగినప్పుడు నీటి తోపుడు గీత పడవ మధ్యగీతను కలిసే బిందువు) అక్షం మీదే ఉంటుంది. గరిమనాభి (బరువంతా కలిసి పనిచేసే బిందువు) దీనికి కింద ఉంటేనే పడవ నిలకడగా ఉంటుంది. కాబట్టి గరిమనాభి అక్షానికి కింద ఉండాలి. లేదా పక్కన ట్యాంకులు కలిపి నీటిమట్టం దగ్గర వెడల్పు పెంచాలి. రెండూ చేయడమే మంచిది.

ఒక లెక్క చూద్దాం. 1 మీ. వ్యాసం, 2.5 మీ. పొడవున్న గొట్టానికి 60 సెం.మీ. వ్యాసం, 50 సెం.మీ. ఎత్తున్న హ్యాచ్ (ఎక్కి దిగే మూత) మెడ కలిపితే మొత్తం 2,100 లీటర్లు. మంచినీటిలో మనిషితో సహా బరువు 2,100 కేజీలు ఉంటేనే మునుగుతుంది. అదే సముద్రంలో మరో 50 కేజీలు సీసం కావాలి.

పక్క ట్యాంకులను నీటితో నింపుకుని, మెడ మాత్రమే పైకి ఉన్నప్పుడు 80 కేజీల మనిషి దాని మీదికెక్కితే పడవ 28 సెం.మీ. కిందికి దిగుతుంది. తెరిచిన హ్యాచ్‌కు అది చాలా ప్రమాదం. 1863లో, అమెరికా అంతర్యుద్ధ కాలంలో, ఛార్ల్‌స్టన్ రేవులో హన్లీ సబ్‌మెరైన్ హ్యాచ్‌లు తెరిచి ఉండగానే నీరు చొరబడి మునిగింది. 5 మంది పోయారు. అందుకే ట్యాంకుల నీరు పూర్తిగా వెళ్ళగొట్టాకే మూత తెరవాలి.

పక్కకొకటి చొప్పున 150 లీటర్ల ట్యాంకులు పెట్టండి: 2 మీ. పొడవు, 25 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతు. వాటి మధ్యరేఖ పడవ నడిమి నుంచి 60 సెం.మీ. దూరంలో ఉంటే మెటాసెంటర్ దాదాపు 17 సెం.మీ. పైకి పోతుంది. ట్యాంకు పైభాగం నీటి పైన కనిపిస్తేనే ఈ లాభం. అది మునిగిందా, లాభం మొత్తం పోతుంది. కింద నీరు వచ్చే రంధ్రాలు, పైన గాలి వదిలే వాల్వు ఉండాలి. రెండు ట్యాంకుల గాలినీ ఒకే గొట్టానికి కలపవద్దు: పడవ ఒరిగితే గాలి పైకి లేచిన వైపుకు పారి ఇంకా ఒరగదోస్తుంది. ఎవరి వాల్వు వారికే.

మునిగాక నిలకడకు మిగిలేది గరిమనాభికీ, ఉత్ప్లవన కేంద్రానికీ (నీరు పైకి తోసే బలం పనిచేసే బిందువు) మధ్య ఎడమే. అది 8 సెం.మీ. ఉంటే 80 కేజీల మనిషి 30 సెం.మీ. ముందుకు వంగినా పడవ 8 డిగ్రీలు వాలుతుంది. 4 సెం.మీ. అయితే దాదాపు 16 డిగ్రీలు. బ్యాటరీలు, సీసం అడుగున పెట్టేది అందుకే. కానీ అత్యవసరంగా జారవిడిచే 100 కేజీల సీసం గరిమనాభికి 60 సెం.మీ. కింద ఉంటే, విడిచాక ఆ ఎడం 3 సెం.మీ. తగ్గుతుంది. ఇది చాలామంది మరిచిపోయే లెక్క.

కాగితం మీద లెక్కను నమ్మకండి, కొలవండి. మనిషికి బదులు ఇసుక సంచులు పెట్టి, మెడ వరకూ ముంచి, పడవను పట్టి ఉంచిన తాళ్ళు వదులు చేయండి. నీటిలో తూచితే 20 కేజీలు వచ్చే సీసాన్ని 50 సెం.మీ. అడ్డంగా జరపండి. నిలువు కర్రకు కట్టిన 1 మీ. గుండు దారం 6 సెం.మీ. జరిగితే ఎడం దాదాపు 8 సెం.మీ. అంతకంటే ఎక్కువ జరిగితే సీసం ఇంకా కిందికి దింపి, మళ్ళీ కొలవండి.