పీహెచ్‌పీలో ఆబ్జెక్ట్ ప్రాపర్టీని చదవడం, మార్చడం ఎలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల బేరం కౌంట్ మీదే నడుస్తుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది. ఆ చెరువుల లెక్కే వెబ్‌సైట్ల వెనక నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో రాద్దాం.

చెరువు అనే క్లాస్‌లో (ఆబ్జెక్ట్‌లు తయారు చేసే నమూనాలో) పేరు, కౌంట్, కౌలుదారు అని మూడు పబ్లిక్ ప్రాపర్టీలు (బయటి నుంచి నేరుగా వాడగలిగే వివరాలు) ఉన్నాయనుకోండి. దాన్నుంచి తయారైన ఆబ్జెక్ట్‌ని $చెరువు అనే వేరియబుల్‌లో పెట్టాం. (ఈ పేర్లు తెలుగులో ఉన్నా పీహెచ్‌పీకి అభ్యంతరం లేదు. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు. క్లాస్, ఎకో లాంటి కీవర్డులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

1. చదవడం

$చెరువు->కౌంట్

హైఫన్ కొట్టి, వెంటనే గ్రేటర్ దేన్ గుర్తు కొట్టండి. డాలర్ మొదట్లో ఒక్కసారే. బాణం తర్వాత కూడా డాలర్ పెట్టి $చెరువు->$కౌంట్ అని రాస్తే అర్థమే మారిపోతుంది. అప్పుడు పీహెచ్‌పీ $కౌంట్ అనే వేరియబుల్‌ని వెతికి, అందులో ఏ పేరుంటే ఆ ప్రాపర్టీని తెస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

2. మార్చడం

$చెరువు->కౌంట్ = 40;

ఇక్కడ స్పెల్లింగ్ జాగ్రత్త. కౌంట్ బదులు కౌంటు అని కొట్టారా, కౌంట్ పాత విలువ అలాగే ఉండిపోయి, పక్కన కౌంటు అనే కొత్త ప్రాపర్టీ పుడుతుంది. ఒకప్పుడు పీహెచ్‌పీ దీనికి కిక్కురుమనేది కాదు. 2022లో వచ్చిన 8.2 నుంచి డెప్రికేటెడ్ (ఇకపై వాడొద్దు) అని హెచ్చరిస్తోంది. అనుమానం వస్తే ఆబ్జెక్ట్‌ని వార్ డంప్ (లోపల ఉన్నవన్నీ చూపించే var_dump) చేయండి, రెండు పేర్లూ పక్కపక్కనే కనబడతాయి.

3. ఆబ్జెక్ట్ లోపలి ఆబ్జెక్ట్

$చెరువు->కౌలుదారు->ఫోన్

ఇక్కడ కౌలుదారు కూడా ఫోన్ అనే ప్రాపర్టీ ఉన్న ఒక ఆబ్జెక్టే. రైతు తన చెరువు తానే చేసుకుంటుంటే కౌలుదారు ఉండడు, అక్కడ నల్ (అంటే ఏమీ లేదు) ఉంటుంది. నల్ మీద ప్రాపర్టీ అడిగితే వార్నింగ్ వస్తుంది. 2020లో వచ్చిన 8.0 నుంచి దీనికి ఒక గుర్తు ఉంది:

$చెరువు->కౌలుదారు?->ఫోన్

కౌలుదారు లేకపోతే గొడవ లేకుండా నల్ ఇచ్చి ఊరుకుంటుంది. ఇది చదవడానికే, విలువ పెట్టడానికి పనికిరాదు. కౌలుదారు తప్పనిసరిగా ఉండాల్సిన చోట కూడా దీన్ని వాడకండి, అసలు తప్పు కప్పబడిపోతుంది.

4. ప్రైవేట్ అయితే

ప్రైవేట్ ప్రాపర్టీని బయటి నుంచి ముట్టుకుంటే ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. టెన్షన్ పడి దాన్ని పబ్లిక్ చేసేయకండి. ఆ విలువను తిరిగిచ్చే ఫంక్షన్ ఒకటి క్లాస్‌లోనే రాసి, దాన్ని పిలవండి.