గ్రామంలో ఇల్లు కట్టుకోవడానికి పంచాయతీ అనుమతి ఎలా తీసుకోవాలి?

సొంత స్థలంలో సొంత డబ్బుతో కట్టుకునే ఇంటికి ఎవరి అనుమతి కావాలని గ్రామాల్లో ఇప్పటికీ చాలామంది అడుగుతారు. సర్పంచి చెవిన ఒక మాట వేసి, కొబ్బరికాయ కొట్టి, ముగ్గు పోసేస్తారు. కొన్నేళ్లపాటు ఎవరూ ఏమీ అనరు. ఇంటి మీద బ్యాంకు రుణం అడిగినప్పుడో, అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడో, పక్కింటివారు కోర్టు నోటీసు పంపినప్పుడో మాత్రం ముందుగా అడిగేది పంచాయతీ అనుమతి పత్రమే. అప్పటికి ఆ సర్పంచి పదవిలో ఉండకపోవచ్చు. ఉన్నా, ఆయన నోటిమాటను ఏ బ్యాంకూ, ఏ కోర్టూ అనుమతిగా లెక్కించదు.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం, దాని కింద 2002లో వచ్చిన లేఅవుట్, భవన నిర్మాణ నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. కొత్త ఇల్లయినా, పాతది కూల్చి కట్టినా, ఉన్న ఇంటిపై అంతస్తు వేసినా గ్రామ పంచాయతీ అనుమతి తప్పనిసరి. దాన్ని ఎలా సంపాదించాలో, పంచాయతీ కాదంటే ఏం చేయాలో వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: స్థలం సంగతి తేల్చుకోండి

ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే. ప్లాను బాగా లేక తిరిగివచ్చేవాటికంటే స్థలం కాగితాలు సరిగా లేక తిరిగివచ్చేవే ఎక్కువ. అందుకే ఇంజినీరు దగ్గరకు వెళ్లే ముందే ఈ పని ముగించండి.

ముందుగా, స్థలం ఎవరి పేరున ఉందో చూడండి. నాన్న పేరున ఉన్న స్థలంలో కొడుకు ఇల్లు కట్టుకోవడం మన ఊళ్లలో మామూలే. కానీ దరఖాస్తు చేయాల్సింది యజమాని. నాన్న ఉంటే ఆయన పేరునే దరఖాస్తు పెట్టండి, లేదా దానపత్రమో పంపకపు పత్రమో రిజిస్టర్ చేయించుకుని మీ పేరున పెట్టండి. నాన్న కాలం చేసి ఉంటే వారసులందరి మధ్యా లెక్క తేలాలి. ఇందులో అక్కచెల్లెళ్లు కూడా ఉంటారు. వారి సంతకం అక్కర్లేదని ఊళ్లో ఎవరైనా చెప్పినా వినకండి. ఇల్లు పూర్తయ్యాక వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఆ ఒక్క సంతకమే.

తరువాత స్థలం ఏ రకానిదో చూడాలి. ఊరి మధ్య తరతరాలుగా ఇళ్లున్న గ్రామకంఠం స్థలాలకు చాలాచోట్ల రిజిస్టర్డ్ పత్రాలు ఉండవు. అలాంటప్పుడు పాత ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ డిమాండ్ రిజిస్టరులోని నమోదు, కరెంటు బిల్లులు మీ స్వాధీనానికి ఆధారాలు. ఇలాంటి స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడానికే కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. మీ గ్రామంలో ఆ సర్వే జరిగి ఉంటే కార్డు తెచ్చుకుని దరఖాస్తుకు జత చేయండి.

సాగుభూమిలో కట్టాలనుకుంటే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నంత మాత్రాన సరిపోదు. తెలంగాణలో రెవెన్యూ శాఖ నుంచి ఆ మేరకు భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చుకోవాలి. ఊళ్లో దీన్నే నాలా అంటారు. ఈ దరఖాస్తు ఇప్పుడు భూ భారతి పోర్టల్‌లో పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌వారు ప్రస్తుతం అమల్లో ఉన్న పద్ధతిని, రుసుమును గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ప్లాటు కొన్నవారు ఆ లేఅవుట్‌కు ఆమోదం ఉందో లేదో చూడాలి. ఆమోదం ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం పంచాయతీకి రాసిచ్చి ఉంటారు. ఆ లేఅవుట్ పటం నకలు పంచాయతీలో అడిగి, మీ ప్లాటు నంబరు అందులో ఉందో, అది పార్కు స్థలంలోకి రావడం లేదో మీ కళ్లతో చూసుకోండి. ఆమోదం లేని లేఅవుట్ అయితే క్రమబద్ధీకరణ ముందు పూర్తికావాలి. తెలంగాణలో 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 ప్రకారం జరుగుతున్న ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) అదే. ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు అది వర్తిస్తుంది.

ఇక అసలు కట్టకూడని చోట్లు. అసైన్డ్ భూమిని, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిని, కొనడం 1977 చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధం. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ 1/70 నిబంధన కింద చెల్లదు. రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు ఉందో లేదో చూడండి. చెరువు శిఖం, అంటే చెరువు నిండినప్పుడు మునిగే నేల, సంగతి మరీ ముఖ్యం. వేసవిలో పగుళ్లు తేలి కనిపించే నేల మంచి వానాకాలంలో చెరువే. తెలంగాణలో పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోని గ్రామాలకు వర్తించే 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు వదలాలి. మీ గ్రామం ఆ పరిధిలో లేకపోయినా ఈ దూరం పాటించమనే నా సలహా. చెరువుకు చట్టం తెలియదు, నీరు వచ్చిన చోటికి వస్తుంది.

రెండో అడుగు: నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి

తెలంగాణలో గ్రౌండ్ ఫ్లోరు మీద రెండు అంతస్తుల వరకు, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి గ్రామ పంచాయతీ అనుమతి ఇవ్వగలదు. అంతకంటే ఎత్తైన భవనాలకు, అపార్ట్‌మెంట్లకు, ఫ్యాక్టరీలకు పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ సాంకేతిక ఆమోదం కూడా కావాలి. మీ గ్రామం ఏదైనా పట్టణాభివృద్ధి సంస్థలో కలిసి ఉంటే దారి మారుతుంది. పంచాయతీ కార్యదర్శిని ముందుగా ఈ ప్రశ్నే అడగండి: ‘ఈ సర్వే నంబరు మాస్టర్ ప్లానులో ఏ జోన్‌లో ఉంది?’ రోడ్డు విస్తరణకో, పచ్చదనానికో కేటాయించిన జోన్ అయితే సర్పంచి ఎంత మంచివారైనా చేయగలిగింది లేదు.

మూడో అడుగు: ప్లాను గీయించండి

మేస్త్రీ తెల్లకాగితం మీద వాస్తు చూసి గీసిన బొమ్మ పంచాయతీకి పనికిరాదు. లైసెన్సు ఉన్న ఇంజినీరుతో కొలతలతో ప్లాను గీయించండి. నాలుగు వైపులా హద్దులు, రోడ్డు వెడల్పు, వదిలే ఖాళీ, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, మెట్లు అందులో కనిపించాలి. సజ్జను, మెట్లను వీధిలోకి చాచకండి.

రెండు కొలతలు మాత్రం ఇంజినీరు చెప్పినా చెప్పకపోయినా మీరు గుర్తుంచుకోండి. ఇంటి పక్కనుంచి వెళ్లే మామూలు కరెంటు తీగకూ, 11 కేవీ తీగకూ గోడ నుంచి కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలి. పైనుంచి వెళ్తే మామూలు తీగకు 2.5 మీటర్లు, 11 కేవీకి 3.7 మీటర్లు. రెండో అంతస్తు వేశాక బట్టలారేసే ఇనుప కడ్డీ తీగకు తగిలి ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఇక సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత తాగునీటి బావికి, బోరుకు 18 మీటర్ల దూరంలో ఉండాలి. అది మీ బావికే కాదు, పక్కింటివారి బావికీ వర్తిస్తుంది.

నాలుగో అడుగు: దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి

యాజమాన్య పత్రం, లింకు డాక్యుమెంట్లు (గత యజమానుల పాత పత్రాలు), ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), ప్లాను ప్రతులు, ఆధార్ నకలు, స్థలం ఫోటో సిద్ధం చేసుకోండి. పాత ఇంటి పన్ను బకాయి ఉంటే ముందే కట్టేయండి, దాని పేరుతో ఫైలు ఆగకూడదు. తెలంగాణలో ఈ-పంచాయతీ పోర్టల్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయం ద్వారా దరఖాస్తు చేయవచ్చు. చేత్తో ఇస్తే తేదీ, సంతకం, ముద్రతో రసీదు తీసుకోకుండా వెనక్కి రాకండి. రుసుము ఎంతైనా పంచాయతీ రసీదు మీదే కట్టండి. రసీదు లేని డబ్బు ఎంత చిన్న మొత్తమైనా ఇవ్వవద్దు. ఆలస్యమైందని ఫిర్యాదు చేయాలంటే గడువు లెక్కించేది ఆ రసీదు మీది తేదీ నుంచే.

ఐదో అడుగు: నిర్ణయం పుస్తకంలోకి ఎక్కేలా చూడండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. అనుమతి ఇచ్చేది సర్పంచి అనే వ్యక్తి కాదు, పంచాయతీ అనే సంస్థ. 1993లో 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీలకు రాజ్యాంగ హోదా వచ్చింది. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో గ్రామీణ గృహనిర్మాణం కూడా ఉంది. కాబట్టి మీ ఇంటి గురించి పంచాయతీ తీసుకునే నిర్ణయం ఊరి పెద్దమనుషుల మాట లాంటిది కాదు, చట్టం ప్రకారం నమోదు కావాల్సిన నిర్ణయం.

దరఖాస్తు ఇచ్చాక కార్యదర్శి స్థలం చూడటానికి వస్తారు. ఆ రోజు మీరు అక్కడ ఉండండి. హద్దురాళ్లు కనిపించేలా శుభ్రం చేయించండి, వీలైతే ఇరుగుపొరుగును కూడా పిలవండి. అభ్యంతరం ఏదైనా ఉంటే అప్పుడే బయటపడటం అందరికీ మంచిది. ఆ తరువాత మీ దరఖాస్తు పంచాయతీ సమావేశానికి వచ్చిందా, తీర్మానం అయిందా అని అడగండి. పాలకవర్గం లేని కాలమైతే ప్రత్యేక అధికారి నిర్ణయిస్తారు. చివరికి మీ చేతికి వచ్చే పత్రంపై తీర్మానం నంబరు గానీ ప్రొసీడింగ్స్ నంబరు గానీ, తేదీ, ముద్ర, ఆమోదించిన ప్లాను ప్రతి ఉండాలి. ‘కట్టుకో, నేను చూసుకుంటాను’ అని ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా, ఈ కాగితం చేతికి వచ్చేదాకా ముగ్గు పోయకండి.

ఆరో అడుగు: షరతులు చదవండి

అనుమతి పత్రం రాగానే మడిచి బీరువాలో పెట్టేవారే ఎక్కువ. అందులో గడువు ఎంత, ఎన్ని అంతస్తులు, ఏ వైపు ఎంత వదలాలి అన్నవి చదివి, నకలు మేస్త్రీకి ఇవ్వండి. కట్టేటప్పుడు మార్పు కావాలనిపిస్తే ముందు సవరించిన ప్లాను ఇవ్వండి. ఆమోదించిన దానికీ కట్టిన దానికీ తేడా ఉంటే అనుమతి ఉన్నా లేనట్టే లెక్క.

పంచాయతీ కాదన్నా, కదలకపోయినా

నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. యాజమాన్యం తేలకపోవడం, చెరువు భూమి, రోడ్డు ఆక్రమణ, కొలతలు నియమాలకు విరుద్ధంగా ఉండటం సరైన కారణాలు. వాటిని సరిచేసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టడమే మార్గం. మీరు ఫలానా పార్టీవారని, పంచాయతీ ఎన్నికల్లో ఎదురు నిలిచారని ఫైలు తొక్కిపెట్టడం మాత్రం అన్యాయం. ఊళ్లో గొడవెందుకని అలాంటిదాన్ని దిగమింగుకోవద్దు.

అప్పుడు ముందుగా సమాచార హక్కు చట్టాన్ని వాడండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. తెల్లకాగితం మీద ఇలా రాయండి: ‘ఫలానా తేదీన నేను ఇచ్చిన భవన నిర్మాణ దరఖాస్తుపై ఇప్పటివరకు తీసుకున్న చర్యలు, స్థల పరిశీలన నివేదిక, దీనిపై పంచాయతీ చేసిన తీర్మానం నకళ్లు ఇవ్వగలరు.’ 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు పెట్టవచ్చు. చాలాసార్లు ఈ కాగితం చేరగానే ఫైలు కదులుతుంది, ఎందుకంటే ఆలస్యానికి కారణం రాసి సంతకం చేయాల్సి వస్తుంది.

అయినా కదలకపోతే మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, తరువాత జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. హైకోర్టు చివరి మెట్టు. అక్కడికి వెళ్లాల్సి వస్తే ఇప్పటివరకు దాచిన రసీదులే మీ వాదన.

పక్కన జరిగే నిర్మాణంపై మీకే అభ్యంతరం ఉంటే

ఇదే దారి ఎదుటివైపు నుంచి కూడా పనిచేస్తుంది. పక్క స్థలంలో అనుమతి లేకుండా కడుతున్నారనో, దారి మూసేస్తున్నారనో అనుమానం వస్తే గొడవకు దిగే ముందు అనుమతి నకలు అడిగి తీసుకోండి. ఫొటోలు, కొలతలతో కార్యదర్శికి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. పునాది దశలోనే ఇవ్వడం ముఖ్యం. స్లాబు పడ్డాక కూల్చమనడానికి ఏ అధికారికీ మనసు రాదు, కట్టినవారి నష్టం కూడా పెద్దది. అభ్యంతరం మీ హక్కుకో, ఊరి రోడ్డుకో, కాలువకో సంబంధించినదై ఉండాలి. వారి ఇల్లు మీ ఇంటికంటే ఎత్తుగా లేస్తోందన్న బాధతో ఫిర్యాదు చేస్తే అది నిలవదు.

ఇల్లు పూర్తయ్యాక

పంచాయతీకి తెలియజేసి ఇంటి నంబరు, పన్ను నిర్ధారణ చేయించుకోండి. ఇంటి పన్ను కడుతున్నాం కాబట్టి ఇల్లు సక్రమమేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అనుమతి లేని ఇంటికీ పన్ను వేస్తారు, ఆ రసీదు అనుమతి కాదు, యాజమాన్య పత్రమూ కాదు. అనుమతి ఉత్తర్వు, ఆమోదించిన ప్లాను, పన్ను రసీదులు మూడూ కలిపి ఒక సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో మరొకరికి కూడా చెప్పండి.