షుగర్ ఉందా అంటే లేదంటారు: ఆరోగ్య సర్వే ప్రశ్నల్ని ముందే పరీక్షించడం ఎలా?

"మీకు షుగర్ ఉందామ్మా?" అని అడిగితే "లేదు బాబూ" అందావిడ. వెనక గూట్లో షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రల షీటు కనిపిస్తూనే ఉంది. అబద్ధమేమీ ఆడలేదు. రోజూ మాత్ర వేసుకుంటోంది, మొన్నటి టెస్టులో నార్మల్ వచ్చింది, అంటే ఇప్పుడు లేనట్టే కదా! ఫారంలో మాత్రం 'లేదు' అని పడిపోయింది. ఇలాంటివి వెయ్యి ఇళ్ళలో పోగయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరూ సరిదిద్దలేరు. ఫారం అచ్చుకి వెళ్ళకముందే పట్టుకోవాలి. అందుకు ముఖ్యంగా కావలసింది పది పదిహేనుమంది మనుషులు, ఒక నోటుబుక్కు, రెండు మూడు వారాల ఓపిక.

ముందు ఆఫీసులోనే

ప్రతి ప్రశ్న పక్కన, దాంతో మీకు తెలియాల్సిందేమిటో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి. సగం ఫారాలు ఇక్కడే సన్నబడిపోతాయి, మంచిదే.

తర్వాత పైకి చదవండి. సర్వే ప్రశ్నని జనం చదవరు, వింటారు. "గడచిన పక్షం రోజులలో మీ బిడ్డ అతిసారమునకు గురైనదా?" అని గట్టిగా చదివితే మీకే నవ్వొస్తుంది. "ఈ రెండు వారాల్లో పాపకి మోషన్స్ అయ్యాయా?" అంటే చాలు. కాలం విషయంలోనూ జాగ్రత్త. "పోయిన నెల" అంటే కొందరికి క్యాలెండర్ నెల, కొందరికి అమావాస్య నుంచి అమావాస్య. "ఈ ముప్పై రోజుల్లో" అనండి, దగ్గర్లో పండగేదైనా ఉంటే దాన్ని గుర్తుచేయండి.

"బీపీకి, షుగర్‌కి మందులు వాడుతున్నారా?" అన్నది రెండు ప్రశ్నలు, విడదీయండి. "మందులు మానలేదు కదా?" లాంటివి అసలు వద్దు. మన భాషలో దానికి "ఆఁ" అంటే మానలేదనీ కావచ్చు, మానేశాననీ కావచ్చు.

ఇంగ్లీషు ఫారాన్ని తెలుగు చేస్తుంటే, ఆ తెలుగుని ఇంకొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి పోల్చడం ఆనవాయితీ. చేయండి, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. 'అతిసారం' తిరుగు అనువాదంలో చక్కగా డయేరియా అయి వచ్చేస్తుంది. వీధిలో అది ఎవరికీ అర్థం కాదన్న సంగతి ఆ కాగితం చెప్పదు.

అసలు పని: ఒక్కొక్కరి దగ్గరా కూర్చోవడం

దీన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. 1980ల్లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు, సర్వేలు చేసేవాళ్ళు కలిసి దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు. మనిషి జవాబు చెప్పేలోపు నాలుగు పనులు చేస్తాడని దీని వెనకున్న లెక్క: ప్రశ్నని అర్థం చేసుకోవడం, గుర్తు తెచ్చుకోవడం, ఏది చెప్పాలో తేల్చుకోవడం, మీరిచ్చిన ఆప్షన్లలో దాన్ని ఇరికించడం. ఎక్కడ తడబడుతున్నాడో మీరు కనిపెట్టాలి.

సర్వే ఎవరికోసమో వాళ్ళనే వెతకండి. ఆఫీసులో పక్క సీటువాళ్ళు పనికిరారు. చదువు రానివాళ్ళు, పెద్దవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు తప్పక ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ వాడే ఫారమైతే రెండుచోట్లా కూర్చోండి. ఒకచోట జలుబు, ఇంకోచోట సర్ది, మరోచోట పడిశం. ఇదంతా ప్రశ్నల పరీక్షే అయినా ముందు ఒప్పుకోలు తీసుకోవాలి. అత్తగారో, ఊరి ఆశా కార్యకర్తో పక్కనుంటే జవాబు మారిపోతుంది కాబట్టి వీలైనంతవరకు విడిగా మాట్లాడండి.

ప్రశ్న అడగండి, జవాబు రానివ్వండి, ఆ తర్వాత తవ్వండి. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. మర్యాదకి అందరూ అయిందనే అంటారు. "దీన్నే మీ పక్కింటావిడని అడగాలంటే ఎలా అడుగుతారు?" అనండి. వాళ్ళు వాడే మాటే చాలాసార్లు మీకు కావలసిన మాట. "నాలుగుసార్లు అన్నారు కదా, ఎలా లెక్కేశారు?" అనీ అడగండి. ఆగిన చోటు, నవ్విన చోటు, కోడలి వంక చూసిన చోటు కూడా రాసుకోండి.

"పొగ తాగుతారా?" అంటే ఖైనీ, గుట్కా వాడేవాళ్ళు లేదంటారు, వాళ్ళ మాట నిజమే. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట నిప్పుని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. "రోజుకి ఎన్ని?" అంటే ఏం చెప్తారు? ఒకే చుట్టని ఆర్పి, దాచి, మళ్ళీ వెలిగిస్తుంటే! "వ్యాయామం చేస్తారా?" అన్నది ఇంకా ఘోరం. పొద్దస్తమానం వంగి నాట్లు వేసిన మనిషి "మాకెక్కడిది సార్, అది ఉద్యోగస్తులు చేసేది" అంటుంది. అడగాల్సింది పని గురించి, నడక గురించి, విడివిడిగా.

ఐదారుగురయ్యాక ఆగి, తప్పులు దిద్ది, కొత్త మనుషుల దగ్గరికి వెళ్ళండి. దిద్దిన ప్రశ్నలో కొత్త తప్పు దొర్లడం మామూలే. కొత్త చిక్కులేవీ బయటపడనప్పుడు చాలు.

ఆ తర్వాత పైలట్

పైలట్ అంటే అసలు సర్వేకి ముందు చేసే చిన్న నమూనా సర్వే. ముప్పై నలభై ఇళ్ళలో, అసలు సర్వేకి వెళ్ళేవాళ్ళచేతే, పూర్తి ఫారంతో చేయించండి. ఎంతసేపు పట్టింది? 'తెలియదు' ఏ ప్రశ్నకి ఎక్కువొచ్చింది? అందరూ ఒకే జవాబిచ్చిన ప్రశ్న ఏది? సాయంత్రం సర్వేవాళ్ళని కూర్చోబెట్టి, ఏ ప్రశ్నని సొంత మాటల్లో విడమరిచి చెప్పాల్సి వచ్చిందో అడగండి. ముందు ఒప్పుకోరు, టీ తాగాక చెప్తారు. ఆ సొంత మాటలు ఫారంలోకి ఎక్కాలి, లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో సర్వే చేసినట్టవుతుంది. పైలట్ ఇళ్ళ జవాబుల్ని అసలు లెక్కలో కలపకండి.

ఇక ఆ షుగర్ ప్రశ్న. అది చివరికి మూడు ప్రశ్నలైంది. "మీకు ఎప్పుడైనా షుగర్ టెస్ట్ చేశారా?" "షుగర్ ఉందని డాక్టర్ గానీ నర్స్ గానీ ఎప్పుడైనా చెప్పారా, ఇప్పుడు తగ్గినా సరే?" "ఈ రెండు వారాల్లో దానికి మాత్రలు గానీ ఇంజెక్షన్ గానీ వాడారా?" మూడోది అడిగినప్పుడు ఒక పెద్దాయన లోపలికెళ్ళి కాకరకాయ పొడి డబ్బా తెచ్చి చూపించాడు. దాంతో నాలుగోది చేర్చాల్సి వచ్చింది.