మ్యూజిక్ చేయడానికి ట్యాబ్ కొంటున్నారా? కెమెరా వదిలేసి లేటెన్సీ చూడండి

ట్యాబ్ కొనేటప్పుడు అందరూ అడిగేది స్క్రీన్ ఎంత, కెమెరా ఎంత, చార్జింగ్ ఎంతసేపు వస్తుంది అని. మ్యూజిక్ కోసమైతే స్క్రీన్ పెద్దగా ఉంటే మంచిదే, వేళ్లకి చోటు దొరుకుతుంది, కెమెరాతో మాత్రం అసలు పనే లేదు. మనకి కావాల్సిన విషయం బాక్స్ మీద ఎక్కడా రాయరు. అదేంటంటే మీరు స్క్రీన్ మీద డ్రమ్ కొట్టాక ఆ సౌండ్ చెవికి చేరడానికి ఎంత ఆలస్యం అవుతుంది అనేది. దీన్నే లేటెన్సీ అంటారు.

కొంచెం లెక్క చూద్దాం, కష్టమేం కాదు. గాల్లో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకర్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు, అది ఎవరికీ ఇబ్బంది కాదు. అదే 30, 40 దాటిందనుకోండి, వేళ్లు తడబడతాయి, టెంపో జారుతుంది, తాళం రావట్లేదు మనవల్ల కాదు అనుకుని చాలామంది వదిలేస్తారు కూడా, తప్పేమో మెషీన్‌ది. యాప్ సెట్టింగ్స్‌లో బఫర్ అని కనిపించేది దీనికి సంబంధించిందే, ట్యాబ్ ఒక్కోసారికి ఎన్ని సౌండ్ ముక్కలు (శాంపిల్స్) పోగేసి పంపుతుందో ఆ సంఖ్య అనమాట. 48,000 శాంపిల్ రేట్ (సెకనుకి అన్ని ముక్కలు) దగ్గర 128 బఫర్ పెడితే 2.7 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21, పైగా ట్యాబ్ సొంత ఆలస్యం దీనికి కలుస్తుంది. అలాగని మరీ తగ్గిస్తే ప్రాసెసర్ అందుకోలేక చిటపట సౌండ్లు వస్తాయి. రికార్డింగ్ అప్పుడు తక్కువ, మిక్సింగ్ (వాయిద్యాలు, గొంతు అన్నీ కలిపి సర్దడం) అప్పుడు ఎక్కువ, ఇదే పద్ధతి.

మరి ఏది కొనాలి అంటే, నన్నడిగితే మ్యూజిక్ ఒక్కటే పనైతే ఐప్యాడ్, అది కూడా ఉన్నవాటిలో మామూలుది చాలు, ప్రో అక్కర్లేదు. ఆపిల్ మీద ప్రేమేం కాదు, అందులో ఆడియో సిస్టం మొదట్నుంచీ బాగా పనిచేస్తోంది, పాటలు చేసే యాప్ గ్యారేజ్‌బ్యాండ్ ఫ్రీగా వస్తుంది, పైగా ఎయూవీ3 అనే పద్ధతిలో ఒక యాప్‌లో ఇంకో యాప్ సింథ్‌ని (సౌండ్లు పుట్టించే వాయిద్యం) తెచ్చి పెట్టుకోవచ్చు. ఆపిల్‌దే పెద్ద మ్యూజిక్ యాప్ లాజిక్ ప్రో కూడా 2023 నుంచి ఐప్యాడ్‌కి ఉంది కానీ అది సబ్‌స్క్రిప్షన్, మొదలుపెట్టేవాళ్లకి ఇప్పుడే వద్దు.

ఆండ్రాయిడ్ విషయానికొస్తే ఒకప్పుడు లేటెన్సీ ఘోరంగా ఉండేది, 2017లో ఆండ్రాయిడ్ 8తో ఏఆడియో అని యాప్స్ సౌండ్ పంపడానికి కొత్త పద్ధతి వచ్చాక చాలా మెరుగైంది, కాకపోతే అన్ని మోడల్స్ ఒకేలా ఉండవు, ఒకే ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్న రెండు ట్యాబ్స్‌లో ఒకటి బ్రహ్మాండంగా ఉండి రెండోది ఏడిపించవచ్చు. యాప్స్ కొరతేం లేదు, ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్, క్యూబేసిస్, బ్యాండ్‌ల్యాబ్ అన్నీ దొరుకుతాయి. బ్యాండ్‌ల్యాబ్ ఫ్రీ. విండోస్ ట్యాబ్‌లో అయితే విండోస్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ దాదాపు అంతా నడుస్తుంది, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లు కూడా, కానీ అవి మౌస్ కోసం చేసినవి, ఆ చిన్న చిన్న బటన్లని వేలితో నొక్కాలంటే విసుగొస్తుంది.

సో కొనేముందు షాపులో పెట్టిన డెమో పీస్ మీద చిన్న టెస్ట్ చేయండి. ఏదైనా డ్రమ్స్ యాప్ తెరిచి గోరు గ్లాస్‌కి టక్ అని తగిలేలా కొట్టండి. గోటి చప్పుడూ డ్రమ్ సౌండూ కలిసి ఒక్కటిగా వినిపిస్తే ఓకే, "ట-టక్" అని రెండుగా విడిపోయి వినిపిస్తే ఆ ట్యాబ్ వద్దు. స్పెక్స్ షీట్ మొత్తం చదివినా ఇంత తెలియదు. ఈ టెస్ట్ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో మాత్రం చేయకండి, వాటిలో చాలావాటికి ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటే ఉంటుంది, పాట వినడానికి బానే ఉంటాయి, వాయించడానికి పనికిరావు. వైర్ ఉన్నవే కావాలి. అందుకే హెడ్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో చూసుకోండి, మామూలు ఐప్యాడ్‌లో 2021 నాటి 9వ జనరేషన్ తర్వాత తీసేశారు. లేకపోతే యూఎస్‌బీ-సీ అడాప్టర్ పెట్టుకోవాలి, అప్పుడు ఉన్న ఒక్క పోర్టూ దానికే పోతుంది, చార్జింగ్ ఎలా అన్నది ఆలోచించుకోండి.

స్టోరేజ్ దగ్గర కక్కుర్తి పడొద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ (ఒక వాయిద్యం లేదా గొంతు రికార్డింగ్) నిమిషానికి 8.6 ఎంబీ, నాలుగు నిమిషాల పాటకి పది ట్రాక్స్ అంటే 345 ఎంబీ, ఒక్కోదానికి మూడేసి టేకులు ఉంచుకుంటే ఒక్క పాటే 1 జీబీ. సౌండ్ ప్యాక్స్ వేరే. కాబట్టి 128 జీబీ తీసుకోండి, 64 త్వరగా నిండిపోతుంది. ర్యామ్ 4 జీబీతో బండి నడుస్తుంది, 8 ఉంటే సుఖం.

పాడటానికో గిటార్ ఎక్కించడానికో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్, గిటార్ వైర్లని ట్యాబ్‌కి కలిపే డబ్బా) కావాలంటే "క్లాస్ కంప్లయంట్" అని ఉన్నదే కొనండి, అంటే డ్రైవర్ ఏమీ వేయకుండా పనిచేసేది అనమాట. కండెన్సర్ మైక్ (కరెంటు ఇస్తేనే పనిచేసే రకం) అయితే ఇంటర్‌ఫేస్‌లో ఆ కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా ఉండాలి. ఇవన్నీ ట్యాబ్ నుంచే కరెంటు లాగుతాయి, ట్యాబ్ ఇవ్వలేకపోతే మధ్యలో ఆగిపోతాయి, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెడితే ఆ బాధ తప్పుతుంది, చార్జింగ్ కూడా అందులోంచే అయిపోతుంది. మిడి కీబోర్డ్ (యాప్‌లోని వాయిద్యాలని వాయించడానికి పియానో లాంటి కీబోర్డ్) 25 కీలది చాలు మొదట్లో. గ్లాస్ మీద వాయిస్తే మెత్తగా కొట్టామా గట్టిగా కొట్టామా అనేది సరిగ్గా తెలియదు, ఐప్యాడ్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ట్యాబ్ అదురుని బట్టి అంచనా వేస్తుంది గానీ నిజమైన కీ ఇచ్చే ఫీల్ రాదు. అయినా ఇవన్నీ రెండు మూడు పాటలు చేశాక కొనుక్కునేవి.

ఇక పాట మొదలుపెడదాం, గ్యారేజ్‌బ్యాండ్‌తోనే చెప్తాను, మిగతావాటిలో కూడా వరస ఇంచుమించు ఇదే. ముందు డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి, లేదంటే మంచి టేక్ మధ్యలో టింగ్ అని నోటిఫికేషన్ వస్తుంది. కొత్త ప్రాజెక్ట్ తెరిచి టెంపో మార్చండి, ఊరికే వదిలేస్తే 110 ఉంటుంది, మీ పాట నోట్లో అనుకుంటూ కాలితో తాళం వేసి దానికి సరిపోయేది పెట్టండి. శృతి కూడా ఇప్పుడే, మామూలుగా సీ మేజర్ ఉంటుంది, మీ గొంతుకి తగ్గట్టు మార్చుకోండి. ఆ తర్వాత కొత్తవాళ్లందరూ బోల్తా పడేది ఒకటుంది, రికార్డ్ నొక్కి వాయిస్తూ పోతే 8 బార్స్ (తాళం ఆవర్తనాలు) కాగానే మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకో అర్థం కాదు. పైన కుడివైపు ప్లస్ గుర్తు నొక్కి సెక్షన్‌లో ఆటోమేటిక్ ఆన్ చేయండి, ఎంతసేపైనా పోతుంది.

వరస ఏంటంటే మొదట డ్రమ్స్, తర్వాత బేస్, తర్వాత కార్డ్స్ (కలిపి వాయించే స్వరాలు), చివర్న గొంతు. డ్రమ్స్ మొత్తం ఒకేసారి కొట్టక్కర్లేదు, కిక్, స్నేర్ ఒకసారి, హైహ్యాట్ ఇంకోసారి. టైమింగ్ అటూఇటూ అయితే దెబ్బలని తాళానికి సరిగ్గా జరిపే క్వాంటైజ్ ఉంది, కాకపోతే అన్నిటికీ వాడేస్తే పాట రోబో వాయించినట్టు అవుతుంది, నేనైతే డ్రమ్స్‌కి మాత్రమే వాడి మిగతావి వదిలేస్తా.

గొంతు రికార్డ్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, స్పీకర్లో పెడితే మ్యూజిక్ మళ్లీ మైక్‌లోకి దూరుతుంది. ట్యాబ్ మైక్‌తోనే అయితే జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా పెట్టి పాడండి. ఖాళీ గదిలో ప్రతిధ్వని వస్తుంది, బట్టల బీరువా తెరిచి దానివైపు తిరిగి పాడితే చాలా తగ్గుతుంది. లెవెల్ మైనస్ 12 డీబీ చుట్టూ ఉండేలా చూసుకోండి, ఎర్రలైటు వెలిగి పగిలిన సౌండ్‌ని తర్వాత ఏ యాప్ బాగుచేయలేదు. తక్కువైతే పెంచుకోవచ్చు.

మిక్సింగ్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, గొంతు వినపడకపోతే గొంతు పెంచకండి, మిగతావి తగ్గించండి, అంతే ప్రస్తుతానికి.

అయ్యాక షేర్‌లోకి వెళ్లి వేవ్ ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి, ఎంపీ3 తర్వాత దాన్నుంచి చేసుకోవచ్చు. ప్రాజెక్ట్ ఫైల్ కూడా క్లౌడ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టండి, ట్యాబ్‌లో మాత్రమే ఉండి స్టోరేజ్ నిండిందని యాప్ డిలీట్ చేస్తే దాంతోపాటు పాటలన్నీ పోతాయి. ఇంకెవరికైనా మిక్సింగ్‌కి పంపాలంటే ఒక్కో ట్రాక్ విడివిడిగా కావాలి, ఐప్యాడ్ గ్యారేజ్‌బ్యాండ్‌లో దానికి ఒక్క బటన్ అంటూ లేదు, ఒక్కో ట్రాక్‌ని సోలో చేసి (అదొక్కటే వినిపించేలా పెట్టి) ఎక్స్‌పోర్ట్ చేసుకుంటూ పోవాలి, ఫైల్ పేర్లు "బేస్", "కిక్", "గొంతు" అని అప్పుడే పెట్టేయండి, లేదంటే అవతలివాళ్లు ఏది ఏంటో వెతుక్కోలేక మీకే ఫోన్ చేస్తారు.